మోకాలెత్తు కిటికీ: మోంజెజీన్ కోటలో పవళింపు మాత వెలసిన వృత్తాంతం

ఫ్రాన్సు దేశపు నైరుతి పల్లెసీమలో, లూర్దు పట్టణం నుండి బస్సులో మూడు గంటలు ప్రయాణం చేస్తే, సున్నపురాతి గుట్ట మీద మోంజెజీన్ కోట కనిపిస్తుంది. కోట అనగానే గోల్కొండనో కొండవీడునో తలచుకొని వచ్చేవారు కాస్త నిరాశపడతారు. ఇది చిన్న కోట. ఒక గుండ్రని బురుజు, దానికి అతుక్కొని పెద్ద కిటికీల మేడ, మేడ వెనుక గుర్రపుశాల, చుట్టూ సగం కూలిన ప్రహరీ. బురుజు నెత్తిన నల్ల రాతిపలకలతో కప్పిన కోసు టోపీ వంటి కప్పు ఒకటి ఉన్నది. గుట్ట కింద నూటపన్నెండు గడపల ఊరు, ఊరి చుట్టూ అక్రోటు తోటలు, తోటల అవతల ఏరు.

ఇక్కడికి వచ్చిన ప్రతివారూ అడిగే ప్రశ్న ఒకటే. బురుజు అడుగు గదికి ఉన్న ఒక్క కిటికీ నేలకు మోకాలెత్తున ఎందుకున్నది? నిలబడితే అందులోంచి ఏమీ కనిపించదు. కుర్చీలో కూర్చున్నా సరిగా కనిపించదు. బాణాలు వేయడానికని ఒక ఆచార్యులవారు, మురికినీళ్ళు పోవడానికని మరొక ఆచార్యులవారు గ్రంథాలలో రాశారు. కుక్క బయటికి చూడడానికి పెట్టి ఉంటారని ఒక యాత్రికుడు అన్నాడు. ముగ్గురిలో ఆయనే నయం, అది చూడడానికే అని కనీసం గ్రహించాడు. ఆ గదిలో చాప పరచుకొని పక్కకు తిరిగి పడుకొంటే జవాబు దానంతటదే తెలుస్తుంది. పడుకున్న మనిషి కళ్ళకు సరిగ్గా ఎదురుగా ఊరి పొగగొట్టాలూ ఏటి మలుపూ కనిపిస్తాయి.

ఆ గదిలోనే పవళింపు మాత కొలువై ఉన్నది. నాలుగు మూరల నిడివి గల సున్నపురాతి స్వరూపం. మరియ తల్లి కుడివైపుకు ఒత్తిగిలి, చెంప కింద చేయి పెట్టుకొని పడుకొని ఉంటుంది. బాలయేసు ఆమె రొమ్ము దగ్గర ముడుచుకొని ఉంటాడు. నుదుటి నుండి నడుము దాకా ఒక పక్క రాయి నునుపుగా, రెండవ పక్క గరుకుగా ఉండడం గమనించగలరు. శేషశయనుని దర్శనం చేసుకున్న హిందూ సోదరులు కూడా ఇక్కడ అడుగుపెట్టగానే గొంతు తగ్గిస్తారు. పడుకున్న తల్లి దగ్గర గట్టిగా మాట్లాడకూడదని ఎవరూ ఎవరికీ నేర్పనక్కరలేదు.

ఈ విచారణకు, అంటే ఈ గుడి కిందికి వచ్చే ఊళ్ళకు, నేను గురువుగా వచ్చి పదకొండేళ్ళయింది. నా పేరు రాయప్ప. మాది పల్నాడులో నాపరాతి గనుల ఊరు. లూర్దు యాత్రకు వచ్చే మన తెలుగువారు ఏటా ఇక్కడ ఒక పూట ఆగుతున్నారు. ప్రతి బస్సుకూ చెప్పి చెప్పి నా గొంతు అరిగిపోయింది కనుక ఈ చిన్న పుస్తకం రాస్తున్నాను. ఇందులోని సంగతులు కోట తాళంచెవి దాచే సొలాంజ్ గారు నాకు చెప్పినవి. ఆమె వయసు తొంభై ఒకటి. ఆమెకు తన అమ్మమ్మ చెప్పింది. ఆ నాటివారు ఏ మాటలతో మాట్లాడుకున్నారో ఏ కాగితంలోనూ లేదు. వారు పల్లెవారు, రాతిపనివారు. అందుచేత నాకు వారి మాటలు మా పల్నాటి యాసలోనే వినిపిస్తాయి, అలాగే రాస్తున్నాను.

పూర్వం ఇక్కడ, అంటే ఎనిమిది వందల యేళ్ళ కిందట, రాతికోట లేదు. మట్టిదిబ్బ మీద కర్రల బురుజు ఒకటి ఉండేది. గోతియే అనే దొర అందులో ఉండి చుట్టుపక్కల ఊళ్ళను ఏలుతుండేవాడు. ఆయన దుర్మార్గుడు కాడు, పంతం మనిషి. ఒక ఏడు పిడుగుపడి కర్రబురుజు కాలి బూడిదైంది. అదే ఏడు ఏటి అవతలి దొర రాతి బురుజు కట్టుకున్నాడు. ఆ బురుజు నీడ సాయంకాలం వేళ ఏరు దాటి గోతియే దొర పొలంలో పడేది. నీడ తన పొలంలో పడినందుకు మనిషికి నిద్ర పట్టకపోవడం మన ఊళ్ళలోనూ ఎరుగుదుము.

ఈస్టరు పండుగనాడు గోతియే దొర గుడిలో అందరి ముందు మొక్కుకున్నాడు. ఆగస్టు పదిహేను, మరియ తల్లి మోక్షారోపణ పండుగ నాటికి ఏటి అవతలి దాని కన్నా ఎత్తయిన రాతి బురుజు కడతాననీ, దాని నెత్తిన మాత స్వరూపాన్ని నిలబెడతాననీ ప్రమాణం చేశాడు. మొక్కు మాతకే. గాని అందులో మాత వాటా ఎంతో, పక్కదొర వాటా ఎంతో ఆ తల్లికే ఎరుక.

పనికి ఎమెరిక్ అనే పెద్దమేస్త్రీని నియమించారు. ఆయన భార్య చనిపోయింది. ఒక్కతే కూతురు, పేరు పెరోన్. ఆమెను అదే ఊళ్ళో బండి తోలుకొనే వానికి ఇచ్చాడు. ఎమెరిక్ గుట్ట వెనుక గని తెరిచి సున్నపురాయి తీయించసాగాడు.

ఇక్కడ రాతిని గురించి ఒక మాట చెప్పాలి. అది తెలియకపోతే ఈ క్షేత్ర మహిమ బోధపడదు. సున్నపురాయి గనిలో ఊరికే ఉండదు, పడుకొని ఉంటుంది. నీటి అడుగున పొర మీద పొరగా పేరుకొని గట్టిపడిన రాయి అది. గనిలో ఎలా పడుకొని ఉన్నదో గోడలోనూ అలాగే పడుకోబెడితే వెయ్యేళ్ళు బరువు మోస్తుంది. పొరలు నిలువుగా వచ్చేలా నిలబెడితే వాటి మధ్యకు వాననీరు దిగి, మంచు కరిచి, రేకులు రేకులుగా ఊడిపోతుంది. మా నాయన నాపరాయి చీల్చేవాడు. "ఎటు పడుకుందో చూసి అట్నే పడుకోబెట్టరా, నీకన్నా ఎక్కువ బతుకుద్ది" అనేవాడు. ఈ దేశంలో మేస్త్రీలు రాయిని దాని పడకకు విరుద్ధంగా నిలబెట్టడాన్ని 'దెలి' అంటారు. నేరానికి కూడా ఈ భాషలో అదే మాట. ఇది తెలిసిననాడు నేను చాలాసేపు రాతి గోడనే చూస్తూ కూర్చున్నాను.

చెక్కిన తరువాత రాయి ఎటు పడుకొని ఉండేదో కంటికి తెలియదు. అందుకని ఎమెరిక్ గనిలోనే ప్రతి రాతి మీదా ఉలితో ఒక గుర్తు పెట్టేవాడు. అడ్డంగా ఒక గీత, గీత మీద ఒక చుక్క. గీత కిందికి, చుక్క పైకి రావాలి. అది చూసి గోడ కట్టేవారు రాయిని దాని పడక మీద పెట్టేవారు.

అలా పెడుతూపోతే పని నిదానంగా సాగుతుంది. జూన్ నెలాఖరున యోహాను పండుగ వచ్చేసరికి బురుజు అడుగు గది మాత్రం పూర్తయింది. దాని మీద రాతి కమాను కప్పు మూశారు. గోడ రెండు నిలువుల ఎత్తు లేచింది. దొర వచ్చి చూసి పళ్ళు కొరికాడు.

"ఎమెరిక్కూ, ఈ బండల్ని ఇట్టా పడుకోబెడతా పోతే నా మొక్కు ఎప్పుడు తీరుద్దయ్యా? నిలబెట్టు. ఒక్కో రాయి మూడు వరసల ఎత్తు వస్తది."

"నిలబెట్టిన రాయి నిలవదు దొరా. దాని పడక దానికి కావాల."

"రాతికి పడకేందయ్యా? నిద్ర పోతదా?"

చుట్టూ ఉన్నవారు నవ్వారు. ఎమెరిక్ కూడా నవ్వాడు. అదే ఆయన చేసిన మొదటి తప్పు. తెలిసినవాడు తెలియనివాని హాస్యానికి నవ్వితే ఆ హాస్యమే ఆజ్ఞ అవుతుంది. మరునాటి నుండి రాళ్ళను నిలబెట్టి కట్టడం మొదలుపెట్టారు. గోడ చూస్తుండగానే లేచింది. పరంజా ఎక్కడానికి వారానికొక నిచ్చెన చాలేది కాదు. ఇంటికొక మనిషి చొప్పున చేసే వెట్టి కాస్తా ఇంటిల్లిపాదీ చేసే వెట్టి అయింది. మగవారు రాళ్ళు లాగేవారు, ఆడవారు ఏటి నుండి సున్నపు గుంటకు నీళ్ళు మోసేవారు.

జూలై చివరలో పెరోన్‌కు ఆడపిల్ల పుట్టింది. తొలి కాన్పు, కష్టపడి కన్నది. మంత్రసాని ఆమెను కదలవద్దని చెప్పి వెళ్ళింది. భర్త దూలాల కోసం బండి కట్టుకొని అడవికి పోయి ఉన్నాడు. ఏడవనాడు పొద్దున దొర పెత్తందారు వచ్చి గడప బయట నిలబడ్డాడు.

"సున్నం ఎండిపోతా ఉంది. మీ ఇంటి నుంచి నీళ్ళు రాలా."

"నాకింకా లేచే ఓపిక లేదన్నా," అన్నది పెరోన్.

"మా ఆడోళ్ళు కనలా? లే, లే. నాలుగు అడుగులేస్తే ఓపిక అదే వస్తది."

ఆమె లేచింది. బిడ్డను రొమ్ముకు కట్టుకొని కుండ ఎత్తుకొని గుట్ట ఎక్కింది. ఎమెరిక్ పరంజా మీద నుండి చూశాడు. పెద్దమేస్త్రీ మాటకు విలువ ఉన్నది. ఆయన ఒక్క మాట అంటే పెత్తందారు ఆమెను వెనక్కి పంపేవాడు. కూతురి కోసం నోరు తెరిస్తే రేపు అందరూ తమ తమ వారి కోసం అడుగుతారనీ, దొర దగ్గర తాను లోకువైపోతాననీ తలచి, తల వంచుకొని పనిలో పడ్డాడు. నాకు ఈ చోట కోపం వస్తుంది. పదకొండేళ్ళుగా చెబుతున్నా ప్రతిసారీ వస్తుంది.

మూడవ కుండతో వచ్చినప్పుడు పెరోన్ తండ్రి దగ్గర ఆగింది. అప్పటికి పరంజా దిగిన ఎమెరిక్ సున్నపు గుంట పక్కన ఒక రాతి మీద గీత, చుక్క చెక్కుతున్నాడు. నిలబెట్టే రాళ్ళకు ఆ గుర్తుతో పనే లేదు, అయినా చేతికి అలవాటు. ఆమె కుండ దించింది.

"నాయనా, రాతికి గుర్తు పెడతన్నావే."

"అవునమ్మా."

"ఎటు పడుకోబెట్టాలో తెలియాలని గదా."

"అవును."

"నాకూ ఒకటి పెట్టకపోయావా?"

అని ఆమె సున్నపు గుంట గట్టు మీద పడిపోయింది. తెల్లని గట్టు మీద నెత్తురు కనిపించింది. ఆడవారు బిడ్డను విప్పి తీసుకున్నారు. ఆమెను కిందికి దించితే దారిలోనే పోతుందని మంత్రసాని చెప్పడంతో, దగ్గరలో చల్లగా ఉన్నచోటు అదొక్కటే కనుక, బురుజు అడుగు గదిలో గడ్డి పరచి పడుకోబెట్టారు.

రెండవనాడు ఆమెకు జ్వరం వచ్చింది. చీకటి గదిలో కళ్ళు తెరిచి, తన భర్త బండి వస్తున్నదా అని అడగసాగింది. ఎమెరిక్ సమ్మెట తెచ్చి, ఆమె తల ఎత్తుకు సరిగ్గా కొలుచుకొని, గోడలో రాళ్ళు ఊడదీసి ఒక కంత పెట్టాడు. కడుతున్న కోట అడుగుకు కంత పెట్టినందుకు పెత్తందారు కేకలు వేశాడు. ఎమెరిక్ తలెత్తి కూడా చూడలేదు. ఊరికి పోయే బాట అంతా పెరోన్‌కు పడుకున్నచోటి నుండే కనిపించింది. నాలుగవనాడు బండి రావడం ఆమే ముందు చూసింది.

ఈలోగా మాత స్వరూపం సిద్ధమైంది. గనిలో దొరికిన అన్నింటిలోకి పొడవైన బండలో ఎమెరిక్ దాన్ని నిలువు స్వరూపంగా చెక్కాడు. పండుగ ముందునాడు దొర ఎదుట దానికి మోకులు కట్టి, పది మంది లాగి, ముంగిట నిలబెట్టారు. స్వరూపం నిటారుగా నిలిచిన క్షణంలో పాత చీర చించినట్టు చప్పుడైంది. నుదుటి నుండి నడుము దాకా రెండు వేళ్ళ మందాన ఒక రేకు ఊడి జారి కిందపడింది. జనం సిలువ గుర్తు వేసుకున్నారు.

"ఊడింది వెనకవైపుకు తిప్పి ఎత్తండి. పైన పెడితే ఎవరికి కనపడుద్ది?" అన్నాడు దొర.

"ఇంక లేపను," అన్నాడు ఎమెరిక్. "పడుకున్నదాన్ని ఒకదాన్ని లేపనిచ్చింది చాలు."

ఆయన స్వరూపాన్ని మెల్లగా వాలుగా దింపించి, బురుజు గదిలోకి దొర్లించుకుపోయి, కూతురి పక్కన గడ్డి మీద పడుకోబెట్టాడు. దొరకు మండిపోయింది. పండుగ కానిచ్చి నీ సంగతి తేలుస్తానని చెప్పి వెళ్ళాడు. వాన మూడు రోజులుగా కురుస్తూనే ఉన్నది.

పండుగనాడు ఊరంతా గుట్ట కింద గుడిలో ఉన్నది. మంత్రసాని కూడా వెళ్ళింది. బురుజు దగ్గర పెరోన్, ఆమె బిడ్డ తప్ప ఎవరూ లేరు. మధ్యాహ్నం దివ్యబలిపూజలో గురువు అప్పాన్ని పైకెత్తిన వేళ గుట్ట మీద చప్పుడు పుట్టింది. నిలబెట్టిన రాళ్ళ ముఖాలు ముందు రేకులుగా ఊడాయి. వాటి వెనుక పోసిన గులకా సున్నమూ బయటికి కారాయి. ఆ పైన ఒకదాని వెంట ఒకటిగా పై వరసలన్నీ కుప్పకూలాయి. జనం పూజ మధ్యలో వదిలి పరుగెత్తారు. ఎమెరిక్ ముసలి కాళ్ళు ఆయనను అందరి కన్నా వెనుక ఉంచాయి.

గుర్రం ఉన్నవాడు కనుక దొర ముందు చేరుకున్నాడు. గది వాకిలి రాళ్ళకుప్ప కింద మూసుకుపోయి ఉన్నది. గోడ చుట్టూ తిరిగాడు. ఏటివైపు ఆ కంత ఒక్కటి తెరిచి ఉన్నది. అందులోంచి లోపలికి చూడాలంటే రెండు మోకాళ్ళూ నేలకు ఆనించి తల వంచాలి. గుడి బయట గోతియే దొర మోకరించడం అదే మొదలు. లోపల కమాను కప్పు చెక్కుచెదరలేదు. గడ్డి మీద పెరోన్ పక్కకు తిరిగి పడుకొని ఉన్నది. ఆమె పక్కన, అదేవిధంగా, రాతి తల్లి పడుకొని ఉన్నది. దొర ఏదో అనబోయాడు. ఆమె నోటి మీద వేలుపెట్టుకున్నది.

"మెల్లగా దొరా. బిడ్డ ఇప్పుడే నిద్రపోయింది."

దొర అక్కడే కూలబడి ఏడ్చాడని సొలాంజ్ గారు చెబుతారు. ఏడవలేదు, సిగ్గుతో ఊరకున్నాడని ఆమె చెల్లెలు చెప్పేదట. అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ ఈ సంగతి మీద నలభై యేళ్ళు వాదించుకున్నారు. ఏది నిజమైనా, బురుజులో నిలిచినదల్లా దాని పడక మీద పెట్టిన రెండు నిలువుల గోడ మాత్రమే అన్నది ఆయన కళ్ళతోనే చూశాడు.

రాళ్ళు తొలగించి వాకిలి తెరిచిన తరువాత దొర ఎమెరిక్‌ను అడిగాడు, "ఇప్పుడు నన్నేం చెయ్యమంటావయ్యా?"

ఎమెరిక్ సున్నంలో వేలు ముంచి గది ద్వారబంధం మీద గీత గీసి, పైన చుక్క పెట్టాడు.

"ఈ గుర్తున్న గడప లోపల ఉన్న బాలింతను లేపేదానికి లేదు. నలభై రోజులు. నువ్వైనా సరే, నేనైనా సరే."

దొర ఆ గుర్తు మీద అరచేయి పెట్టి ఒప్పుకున్నాడు. ఊరి గురువు ఆ ఆదివారం ప్రసంగంలో ఒక మాట చెప్పాడట. బేత్లెహేము పాకలో మరియ తల్లి పడుకొని ఉన్నప్పుడు గొల్లలు వచ్చారు, జ్ఞానులు వచ్చారు, ఒక్కరూ ఆమెను లేవమనలేదు, వారే ఆమె పడక దగ్గరకు వచ్చి మోకరించారు. ఈ మాట ఆ గురువుదో, తరువాతి వారు కలిపిందో నాకు తెలియదు. నాదైతే బాగుండునని మాత్రం అనుకుంటాను.

పెరోన్ నలభై రోజులూ ఆ గదిలోనే పడుకొని కోలుకున్నది. ఎమెరిక్ ఆమె పక్కనే కూర్చొని, ఊడిన రాతిని మళ్ళీ చెక్కి, మాతకు పడుకున్న రూపం ఇచ్చాడు. నునుపైన చెంప ఆయన మొదట చెక్కింది. గరుకైన చెంప రేకు ఊడినచోట తరువాత తీర్చింది. అప్పటి నుండి ఈ గుట్టకు మోంజెజీన్ అనే పేరు వచ్చింది. 'మోం' అంటే కొండ. 'జెజీన్' అంటే పాతభాషలో బాలింత పడక. గనిలో రాయి పడుకొని ఉండే చోటుకు చెప్పే మాటా అదే ధాతువు నుండి పుట్టిందని పండితులు చెబుతారు.

బురుజును మళ్ళీ కట్టడానికి పందొమ్మిదేళ్ళు పట్టింది. ప్రతి రాయినీ దాని పడక మీదే పెట్టారు. ఎమెరిక్ పూర్తి కావడం చూడలేదు. ఏటి అవతలి బురుజు కన్నా ఇది ఎనిమిది మూరలు తక్కువే వచ్చింది. ఆ ఏటి అవతలి బురుజు ఇప్పుడు లేదు.

తరువాత మూడు వందల యేళ్ళకు ఆ వంశీకుడొకడు రాజధానిలో కొత్త మేడలు చూసివచ్చి, బురుజు పక్కన పెద్ద కిటికీల మేడ కట్టించాడు. మెట్లదారి ఈ గదిలోంచి వేయాలని గీయించుకున్నాడు. పని మొదలయ్యేనాటికి గదిలో వంటమనిషి కోడలు బాలింతగా ఉన్నది, ద్వారం మీద గుర్తు ఉన్నది. నలభై రోజులు ఆగడం కన్నా మెట్లను చుట్టు తిప్పడం తేలికని మేస్త్రీలు అన్నారు. మేడ మెట్లు గదిని చుట్టుకొని వంకరగా ఎందుకు ఎక్కుతాయో ఇప్పుడు యాత్రికులకు తెలిసింది కదా. అవి ఎక్కేటప్పుడు గోడ పట్టుకోవలసిందిగా మనవి.

రాజులను దించిన రోజులలో కోటల తలలు నరకమని ఉత్తరువు వచ్చింది. ఆ పనికి వచ్చిన అధికారికి పూజలన్నా సాధువులన్నా గిట్టదు. ద్వారం మీద సున్నపు గుర్తు చూసి ఇదేమి మూఢనమ్మకమని అడిగాడు. లోపల కంసాలి భార్య బిడ్డను కని పడుకుందని చెప్పారు. ఆయన గొణుక్కుంటూ పైన పంటి ఆకారంలో ఉన్న చిట్టిగోడలు మాత్రం, చప్పుడు కాకుండా, చేతులతో తీయించి వెళ్ళాడు. ఆ బోడితల మీదనే వందేళ్ళ తరువాత ఒక షావుకారు నల్లపలకల కోసు టోపీ పెట్టించాడు. అందంగా లేదని అందరూ ఒప్పుకుంటారు. వాన మాత్రం కారదు. గడచిన శతాబ్దంలో మేడ పైకప్పు కూలాక కోట ఊరి పరమైంది. మేడలో ఇప్పుడు గ్రంథాలయం ఉన్నది. ఇన్ని చేతులు మారినా కిటికీని ఎవరూ ఎత్తుకు జరపలేదు.

నేటికీ మోంజెజీన్‌లో బిడ్డ పుట్టిన ఇంటి ద్వారం మీద ఆ ఇంటి మగవారు సున్నంతో గీత గీసి చుక్క పెడతారు. ఆ నలభై రోజులు తపాలా మనిషి గంట కొట్టడు, ఉత్తరం గడప కింద నుండి తోస్తాడు. ఇరుగుపొరుగు వంతులవారీగా వంట పంపుతారు. పల్లెలో ఇప్పుడు కాన్పులు తక్కువ, పోయిన ఏడు రెండే. రెండు ఇళ్ళ గుర్తులూ వెలిసిపోయేదాకా ఎవరూ తుడవలేదు. ఆగస్టు పదిహేనున ఊరి ఆడవారు పొయ్యి ముట్టరు. మగవారు ఉల్లి, వెల్లుల్లి వేసి పులుసు కాచి గుట్ట మీదికి మోస్తారు. రుచి సంగతి అడగవద్దు. పూజ అయ్యాక అందరూ బురుజు బయట ఏటివైపుకు వచ్చి, ఒక్కొక్కరే మోకరించి, కిటికీలోంచి మాతను దర్శిస్తారు. నిలబడి చూసే మార్గం లేనే లేదు.

మన యాత్రికులకు ఇక్కడ ప్రసాదంగా చిటికెడు సున్నం పొట్లం కట్టి ఇస్తున్నాము. రెండేళ్ళ కిందట రెంటచింతల నుండి తెరేజమ్మ గారు అనే ఆమె మనుమడు పుట్టిన మొక్కు తీర్చుకోవడానికి వచ్చింది. మోకాళ్ళ నొప్పులున్నా మోకరించి చాలాసేపు చూసింది. లేచి నన్ను పక్కకు పిలిచింది.

"ఫాదర్ గారూ, నలభై రోజులంటే నలభయ్యేనా? ముప్పైకి సరిపెట్టుకుంటే తల్లి ఒప్పుకోదా?"

"నలభయ్యేనమ్మా."

ఆమె సంచిలోంచి ఫోను తీసి, స్పీకరు పెట్టి, కోడలికి కలిపింది. కోడలు కని అప్పటికి పందొమ్మిది రోజులు.

"జ్యోత్స్నా, ఏం చేస్తన్నావే?"

"అంట్లు తోముతున్నా అత్తమ్మా."

"ఆడ పెట్టెయ్. పోయి పడుకో. నేనొచ్చిందాకా లేవమాక. అన్నం మీ మామయ్యని వండుకోమను, చేతులున్నై గదా."

అటువైపు నుండి ఆ అమ్మాయి భయంగా అడిగింది, "అత్తమ్మా, ఆడ మీకు ఒంట్లో బానే ఉందా?"

చుట్టూ చేరిన బస్సువారందరూ నవ్వారు. తెరేజమ్మ గారు నవ్వలేదు. ఫోను సంచిలో పెట్టుకొని, "నన్ను తొమ్మిదో రోజున లేపారు ఫాదర్ గారూ, మూడు కాన్పులకీ," అని కళ్ళు తుడుచుకున్నది. ఈ క్షేత్రంలో జరిగిన అద్భుతాలు చెప్పమని అడిగేవారికి నేను ఇదే చెబుతాను.

యాత్రికులారా, పవళింపు మాతను భక్తితో దర్శించిన వారికి సుఖ ప్రసవం, బాలింతలకు బలం, పసిబిడ్డలకు ఆయువు కలుగుతాయని పెద్దల మాట. అయితే ఇంట్లో బాలింతను పనికి వదిలి ఇక్కడికి రావద్దు. ద్వారం మీద గీత గీసి, చుక్క పెట్టి, గిన్నెలు మీరు కడిగితే ఈ గుట్ట ఎక్కినంత ఫలం. సున్నం ఇక్కడిదే కానక్కరలేదు, పల్నాటి సున్నం ఇంకా తెలుపు.

నా తల్లి పేరు ఆరోగ్యమ్మ. నన్ను కన్న పదకొండవ రోజున గనికి వెళ్ళి రాతిముక్కలు ఎత్తింది. నా చెల్లెలిని కన్న ఆరవ రోజున మేస్త్రీ పిలిస్తే వెళ్ళింది, మంచం మీద తిరిగివచ్చింది. నాలుగు రోజులు బతికింది. రాతి పడక తెలిసిన మా నాయన ఆమె సమాధి మీద నాపరాయిని దాని పడక మీదే పరిచాడు, అది ఇప్పటికీ పగలలేదు. పోయిన ఏడు సెలవుకు వెళ్ళినప్పుడు ఈ గది ముందు నుండి సున్నం పొట్లం తీసుకుపోయి, ఆ రాతి మీద గీత గీసి, చుక్క పెట్టాను. పక్కన గడ్డి కోసుకుంటున్న ఆమె కొడవలి ఆపి, ఇదేం గుర్తు ఫాదరూ అని అడిగింది.

"మా అమ్మ పడుకుంది. లేపమాకండి," అని చెప్పాను.